గేటు దగ్గర ఆగిపోయే కాళ్లు

ఈ నెల ఉత్తరాల్లో మూడు పార్కిన్సన్స్ (కదలికల్ని నెమ్మదింపజేసే మెదడు జబ్బు) గురించి వచ్చాయి. ముగ్గురూ చెన్నై వాళ్లే. ఒక్కరూ మందుల సంగతి అడగలేదు. బయటికి ఎలా వెళ్లాలి అని అడిగారు. ముప్ఫై ఏళ్లుగా ఈ ఊళ్లో ఫిజియోథెరపీ చేస్తున్నదాన్ని, ఈ ప్రశ్న కోసం చాలాకాలంగా ఎదురుచూస్తున్నాను. మోకాళ్ల నొప్పుల ఉత్తరాలు వచ్చే నెలకి ఉంచి, ఈ పేజీలన్నీ వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, మాది వెస్ట్ మాంబళం. మా మామగారికి 71 ఏళ్లు. కావలి దగ్గర హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆరేళ్ల కిందట పార్కిన్సన్స్ అని తేలింది. అత్తయ్యగారు పోయాక నిరుడు మా దగ్గరికి తీసుకొచ్చాం. ఊళ్లో ఉన్నన్నాళ్లూ రోజూ చెరువుగట్టు మీద నడిచేవారు. ఇక్కడికి వచ్చిన కొత్తలో పార్కుకి తీసుకెళ్తే, గేటు దగ్గర కాళ్లు నేలకి అతుక్కుపోయినట్టు నిలబడిపోయారు. వెనక జనం ఆగిపోయారు. మావారు చెయ్యి పట్టి లాగితే ముందుకు తూలారు. ఆ రోజు నుంచి గడప దాటనంటున్నారు. పొద్దస్తమానం బాల్కనీలో కూర్చుని రోడ్డు చూస్తుంటారు. ఇంట్లో మాత్రం బాగానే తిరుగుతారు. వీల్‌చైర్ కొందామని మావారు అంటే ఆ పూట అన్నం మానేశారు. ఆయన్ని మళ్లీ బయట తిప్పడం ఎలా? ఇలాంటి వాళ్లకి వీలుగా ఉండే చోట్లు చెన్నైలో ఉన్నాయా?
— ఒక కోడలు

జవాబు: అమ్మా, ముందు మీవారికి నా మాటగా ఒకటి చెప్పండి. ఆయన చేసిన పొరపాటే నేనూ చేశాను, ఈ వృత్తిలో ఉండి కూడా. మా నాన్నగారికి ఈ జబ్బు వచ్చిన నాలుగో ఏట, క్లినిక్కి టైమైపోతోందన్న తొందరలో, ఇలాగే ఒక పార్కు గేటు దగ్గర ఆయన మోచెయ్యి పట్టి లాగాను. ఒళ్లు ముందుకొచ్చింది, పాదాలు రాలేదు. మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టుతో ఉన్నారు. ఆ ఆరు వారాల్లో నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

మీ మామగారి కాళ్లలో బలం ఉంది. లేకపోతే ఇంట్లో తిరగలేరు కదా. మనం నడిచేటప్పుడు ఒక్కో అడుగూ ఆలోచించి వెయ్యం, నడక దానంతటదే సాగిపోతుంది. అలా సాగడానికి మెదడులో డోపమిన్ అనే రసాయనం కావాలి. అది తగ్గినప్పుడు నడక మొదలవడానికీ, మలుపు తిరగడానికీ అడ్డం పడుతుంది. దీన్నే డాక్టర్లు ఫ్రీజింగ్ అంటారు. దారి ఇరుకైనా, నేల మారినా, ఒళ్లు తిప్పాల్సి వచ్చినా, వెనక ఎవరైనా తొందరపెడుతున్నా, ఆ క్షణంలో పక్కనుంచి ఏదైనా అడిగినా కాళ్లు ఆగిపోతాయి. పార్కు గేటులో ఇవన్నీ ఒకే చోట కలుస్తాయి. మోటారు సైకిళ్లు రాకుండా వంకరటింకరగా పెట్టిన ఇనుప గొట్టాల గేటయితే చెప్పనే అక్కర్లేదు. ఇక ముందుకు తూలడం అంటారా, ఒళ్లు ముందుకు వంగి నడక పరుగైపోవడం గురించి లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లోనే రాశాడు. అలా వంగి ఉన్న మనిషిని లాగితే ఏమవుతుందో మా నాన్నగారి మణికట్టు నాకు నేర్పింది.

కాబట్టి పార్కు ఎంత దూరం, ఎన్ని రౌండ్లు అన్న లెక్క ఇప్పుడు వద్దు. మీ గడప నుంచి పార్కులో బెంచీ దాకా ఆయన ఎక్కడెక్కడ ఆగిపోతారో ఒక కాగితం మీద రాసుకోండి. లిఫ్టు తలుపు, ఆటో ఎక్కే చోటు, గేటు, బెంచీ ముందు వెనక్కి తిరిగి కూర్చునే చోటు. నేను చూసినంతలో ఇలాంటివి నాలుగైదుకి మించవు. ఆ నాలుగైదు చోట్ల ఏం చెయ్యాలో ముందే అనుకుని వెళ్తే, మధ్యలో నడకకి మీ సాయం పెద్దగా అవసరం ఉండదు.

మా నాన్నగారికి మొదటి చోటు మా అపార్ట్‌మెంట్ గేటే. ఒక రోజు పొద్దున్నే ముగ్గు పిండి తీసుకెళ్లి, గేటుకి ఇవతల మూడు, అవతల మూడు అడ్డగీతలు వేశాను. ఒక్కో గీతకీ మధ్య ఒకటిన్నర అడుగు ఎడం. నాన్నగారు మామూలుగానే గేటు దగ్గరికొచ్చి ఆగిపోయారు. మడమలు పైకి లేచి, మోకాళ్లు సన్నగా వణుకుతున్నాయి. "ఆ గీత దాటండి నాన్నా" అన్నాను, అంతే. తల వంచి గీత వైపు చూశారు. వాన నీళ్ల కాలవ దాటేటప్పుడు ఎత్తినట్టు కుడికాలు ఎత్తి అవతల పెట్టారు. తర్వాత ఎడమకాలు. ఆరు గీతలూ దాటి రోడ్డు మీదికి వచ్చాక వెనక్కి తిరిగి ఆ గీతల్ని చూసుకున్నారు. మర్నాడు వాచ్‌మన్ అవి చెత్తగా ఉన్నాయని కడిగేశాడు. నాన్నగారు గీతలు లేని గేటు దగ్గర పడే అవస్థ చూశాక, మూడో రోజు నుంచి తనే వేశాడు. అలా రెండేళ్లు వేశాడు.

ఇందులో మంత్రం ఏమీ లేదు. నడక దానంతటదే సాగనప్పుడు, కంటికి ఒక గుర్తు కనిపిస్తే మెదడు ఇంకో దారిన కాలుని కదిలిస్తుంది. చదునైన నేల మీద ఆగిపోయేవాళ్లు చాలామంది మెట్లు చకచకా ఎక్కడం ఇందుకే. ప్రతి మెట్టూ ఒక గీతే. (అలాగని రెయిలింగ్ లేని మెట్ల మీదికి పంపకండి.) పార్కు గేటు దగ్గర గీతలు గియ్యలేం కాబట్టి అక్కడ మీ పాదాన్ని ఆయన పాదాల ముందు అడ్డంగా పెట్టి, "దీన్ని దాటండి మామయ్యా" అనండి. పక్కన నిలబడాలి, ఎదురుగా నిలబడి దారి మూయకూడదు. చెయ్యి లాగకూడదు. ముందు పూర్తిగా ఆగనివ్వండి, ఒకసారి ఊపిరి తీసుకోనివ్వండి, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకోనివ్వండి. అప్పుడు ఒక పెద్ద అడుగు.

కంటికి గీత ఎలాగో చెవికి తాళం అలాగ. మీ ఉత్తరంలో డ్రిల్లు మాస్టారు అన్న మాట చదవగానే నాకు ప్రాణం లేచొచ్చింది. వందలమంది పిల్లల్ని "లెఫ్ట్, రైట్" అంటూ నడిపించిన గొంతు అది. ఇప్పుడు తన కాళ్లకి తనే ఆర్డరు వెయ్యమనండి. గట్టిగా, గ్రౌండు చివర ఉన్న పిల్లవాడికి కూడా వినపడాలి అన్నట్టు. పార్కిన్సన్స్‌లో గొంతు నానాటికీ లోపలికి పోతుంది, దానికీ ఇదే కసరత్తు. మొదట బాల్కనీ నుంచి వంటింటి దాకా చెయ్యనివ్వండి, తర్వాత వరండాలో, తర్వాత గేటు దగ్గర. మీ ఇంట్లో పిల్లలుంటే వెనకాల లైనులో నడవమనండి. నడిపించేది ఆయన అవ్వాలి, మీరు ఆయన్ని నడిపించినట్టు ఉండకూడదు. మలుపు దగ్గర "అబౌట్ టర్న్" మాత్రం వద్దని నా మాటగా చెప్పండి. ఉన్నచోటే గిర్రున తిరిగితే కాళ్లు పెనవేసుకుని పడతారు. ఎద్దులబండి తిరిగినట్టు వెడల్పుగా, చిన్న చిన్న అడుగులతో చుట్టి తిరగాలి.

వెళ్లే టైము మాత్ర బట్టి ఉంటుంది. లెవోడోపా (మెదడులో డోపమిన్‌గా మారే మందు) మింగిన అరగంట, గంట మధ్య చాలామందికి అది పట్టు అందుకుంటుంది. తర్వాత కొన్ని గంటలకి జారిపోతుంది. మందు పట్టు ఉన్న టైముని డాక్టర్లు ఆన్ అంటారు, జారిపోయిన టైముని ఆఫ్ అంటారు. ఒక మూడు రోజులు మాత్ర టైము, బాగా నడిచిన టైము పక్కపక్కన రాసి చూడండి, మీకే తెలిసిపోతుంది. పప్పు, పెరుగు, గుడ్డు లాంటివి మాత్రతో కలిసి కడుపులో పడితే పేగుల దగ్గర మాంసకృత్తులకీ మందుకీ పోటీ వస్తుంది, మాత్ర ఆలస్యంగా పనిచేస్తుంది. టిఫినుకి అరగంట ముందు వేసుకునేలా మార్చవచ్చేమో ఆయన న్యూరాలజిస్టుని అడగండి. మీ అంతట మీరు మార్చకండి. దూలగొండి పొడి తెచ్చి కలుపుదామని ఎవరైనా చెప్పినా వద్దు. దూలగొండి గింజల్లో నిజంగానే లెవోడోపా ఉంటుంది, అందుకే డాక్టరుకి చెప్పకుండా వాడితే మోతాదు మించిపోతుంది.

చెన్నై ఎండ సంగతి వేరే చెప్పాలి. ఈ జబ్బులో లేచి నిలబడగానే బీపీ పడిపోవడం మామూలే, చెమట పట్టి ఒంట్లో నీళ్లు తగ్గితే ఇంకా పడుతుంది. కొందరికి వణుకు తగ్గడానికి ట్రైహెక్సీఫెనిడిల్ ఇస్తారు, దానివల్ల చెమటే సరిగ్గా పట్టక ఒళ్లు వేడెక్కుతుంది. ఏ మాత్రలు వేసుకుంటున్నారో చూసుకోండి. ఎండాకాలంలో పొద్దున ఏడున్నరకల్లా ఇంటికి చేరేలా వెళ్లండి. నీళ్ల సీసా మీ చేతిలో ఉండాలి, ఆయన రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. నడుస్తుండగా ఆయన ఫోను మోగితే, ఆగి మాట్లాడి మళ్లీ నడవాలి. రెండు పనులు ఒకేసారి పెడితే ఆగిపోయేది కాళ్లే.

ఇక చోట్లు. మీకు దగ్గర్లో పాండీ బజారు ఉంది. 2019 నవంబరులో త్యాగరాయ రోడ్డు ఫుట్‌పాత్‌లని వెడల్పు చేసి నడిచేవాళ్లకి ఇచ్చారు. షాపులు తెరవకముందు ఆరింటికి వెళ్తే తోసుకునేవాళ్లు ఉండరు. మొదటి వారం అక్కడే నడిపించండి, లోపలికి దూరే గేటు లేదు కాబట్టి ధైర్యం వస్తుంది. తర్వాత ఆటోలో లజ్ దగ్గరి నాగేశ్వరరావు పార్కుకి వెళ్లండి. మెట్రో పనుల వల్ల ఆ చుట్టుపక్కల దారులు మారుతున్నాయి, ముందు మీరొక్కరే వెళ్లి ఆటో ఎక్కడ ఆపాలో, గేటు ఎలా ఉందో చూసి రండి. ఆంధ్రపత్రిక, అమృతాంజనం పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు ఆ పార్కుది. మా నాన్నగారు ఈ సంగతి అక్కడ కనపడిన ప్రతివాళ్లకీ చెప్పేవారు. మాస్టారుకి కూడా చెప్పండి, తలనొప్పికి రాసుకున్న డబ్బా వెనక మనిషి ఎవరో తెలిస్తే సంతోషిస్తారు.

సముద్రం చూడాలని ఆయనకి ఉంటే మెరీనాకి తీసుకెళ్లండి. మెత్తటి ఇసకలో ఈ జబ్బున్నవాళ్ల నడక ఒక్క పది గజాలు కూడా సాగదు. వికలాంగుల హక్కుల కోసం పనిచేసేవాళ్లు ఏళ్ల తరబడి అడగగా అడగగా 2022 నవంబరులో కార్పొరేషన్ అక్కడ అలల దగ్గరి దాకా చెక్కదారి వేసింది. పొడవు 263 మీటర్లు, పక్కన పట్టుకోవడానికి కమ్మీ. మర్నెలలోనే మాండస్ తుఫాను దాని కొస విరగ్గొడితే మళ్లీ బాగుచేశారు. 263 మీటర్లంటే పోనూ రానూ అర కిలోమీటరు దాటుతుంది, మొదటిసారే చివరిదాకా వెళ్లాలని పట్టుపట్టకండి. ఆదివారం సాయంత్రం వద్దు, ఆ దారంతా జనమే. మామూలు రోజు పొద్దున్నే మేలు.

వీల్‌చైర్ గురించి. నడవగలిగిన మనిషికి దాన్ని నడక బదులు ఇస్తే అన్నం మానేయడంలో ఆశ్చర్యం లేదు. ఇప్పుడే కొనకండి. కానీ మీవారు అన్నదాంట్లోనూ న్యాయం ఉంది. ఆఫ్ టైము దారిలోనే వచ్చేస్తే కూర్చోవడానికి ఏదో ఒకటి ఉండాలి. బీచి లాంటి దూరాలకి వెళ్లినప్పుడు ఒక పూటకి తెచ్చుకుని, వెళ్లేటప్పుడు ఆయనే దాన్ని తోసుకుంటూ నడిచి, అలసిపోతే అందులో కూర్చుని రావచ్చు. బ్రేకులు సరిగ్గా పడుతున్నాయో ముందే చూసుకోండి, మీరు ఒక చెయ్యి దాని మీదే ఉంచండి. ఎత్తి ఎత్తి పెట్టే అల్యూమినియం వాకరు మాత్రం కొనవద్దు, అది నడక తాళాన్ని అడుగడుక్కీ తెంపేస్తుంది. ఎప్పటికైనా అవసరమైతే చక్రాలూ బ్రేకులూ ఉన్నది, అదీ ఫిజియో ఎదురుగా నడిపించి చూశాకే.

ఇంకొక్కటి. స్కూలుకి సైకిల్ మీద వెళ్లేవారా ఆయన? నాలుగు అడుగులు కూడా వెయ్యలేని ఒక పార్కిన్సన్స్ పేషెంటు సైకిల్ ఎక్కి హాయిగా తొక్కుకుంటూ వెళ్లిన సంగతి నెదర్లాండ్స్ న్యూరాలజిస్టు బాస్టియాన్ బ్లూమ్ 2010లో ప్రచురించాడు, డాక్టర్లే ఆశ్చర్యపోయారు. చెన్నై రోడ్ల మీద వద్దుగానీ, కదలని వ్యాయామం సైకిల్ ఒకటి బాల్కనీలో పెట్టి చూడండి. రోడ్డు ఎలాగూ చూస్తున్నారు కదా, తొక్కుతూ చూస్తారు.

ప్రశ్న: మేము అణ్ణా నగర్‌లో ఉంటాం. మా వీధి పార్కుని కార్పొరేషన్ బాగుచేయబోతోంది. సంఘం సెక్రటరీగా నన్ను సూచనలు ఇమ్మన్నారు. మా ఆవిడకి పార్కిన్సన్స్. కమిటీలో ఒకరు "ఒక్కరి కోసం పార్కు మార్చమంటే ఎలా" అన్నారు. ఏమేం అడగాలి? చట్టం మా వైపు ఉందా?
— ఒక సెక్రటరీ

జవాబు: ఉందండీ. 2016 వికలాంగుల హక్కుల చట్టం జాబితాలోని 21 వైకల్యాల్లో పార్కిన్సన్స్ పేరు పెట్టి మరీ రాశారు. అదే చట్టం 29వ సెక్షన్ అందరితో సమానంగా వినోదంలో పాల్గొనే హక్కు గురించి చెబుతుంది. 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, వికలాంగులకి కల్పించే సౌకర్యాల ప్రమాణాలు ఇష్టమైతే పాటించే సూచనల్లా ఉండకూడదు, తప్పనిసరిగా పాటించాల్సిన నియమాలుండాలి అని కేంద్రానికి చెప్పింది. కమిటీలో ఈ మూడూ చదివి వినిపించండి. ఆ పెద్దమనిషి ఇంట్లో మోకాళ్ల నొప్పులతో ఎవరో ఒకరు ఉండే ఉంటారు, వాళ్లకీ ఇదే గేటు.

అన్నిటికన్నా ముందు గేటు అడగండి. వంకర గొట్టాల గేటు ఉంచినా, పక్కనే తిన్నగా వెళ్లే దారి ఒకటి కనీసం 90 సెంటీమీటర్ల వెడల్పుతో ఉండాలి. దానికి తాళం వేసి, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియని పరిస్థితి రాకూడదు. నేను చూసిన పార్కుల్లో సగం గొడవ ఈ తాళంచెవిదే. మెట్టు ఉన్నచోట ర్యాంపు వేస్తే వాలు ఒకటికి పన్నెండు, అంటే అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు. కాంట్రాక్టరు ఆరడుగుల్లో ముగించేస్తాడు, టేపు పట్టుకుని మీరే నిలబడండి. రెండు పక్కలా కమ్మీ.

తర్వాత బెంచీలు. మన పార్కుల్లో సిమెంటు బెంచీలు మరీ కిందికి ఉంటాయి, చేతులు ఆనించే ఆసరా ఉండదు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు కూర్చోగలరు, లేవలేరు. లేవలేమన్న భయంతో కూర్చోరు, కూర్చోలేమన్న భయంతో నడకే మానేస్తారు. ఎత్తు 45 నుంచి 50 సెంటీమీటర్లు, రెండు వైపులా చేతి ఆసరా, అవతలి బెంచీ ఇవతలి బెంచీ నుంచి కనపడాలి. ఇవి వచ్చేలోపు మీ ఆవిడకి లేచే పద్ధతి నేర్పండి. బెంచీ అంచుకి జరగాలి, పాదాలు మోకాళ్ల కంటే వెనక్కి లాక్కోవాలి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా వంగి అప్పుడు లేవాలి.

నడక దారికి నున్నటి టైల్సు, రంగురంగుల డిజైన్లు వద్దనండి. గళ్లు గళ్లుగా ఉన్న నేల చూసి ఆగిపోయేవాళ్లున్నారు. ఒకే రంగు గరుకు నేల, ఎత్తు మారే ప్రతిచోటా పసుపు గీత. చెట్ల వేళ్లు లేపేసిన చోట దారినే పక్కకి తిప్పండి, చెట్టు జోలికి పోవద్దు. టాయిలెట్ తెరిచి ఉండాలి. ఈ జబ్బులో అర్జెంటుగా వెళ్లాల్సి రావడం మామూలు, దానికి భయపడి నీళ్లు తాగకుండా వాకింగ్‌కి వచ్చి కళ్లు తిరిగి పడినవాళ్లని నేనే చూశాను.

అర్జీ తమిళంలో రాయించి కౌన్సిలరుకీ, జోనల్ ఆఫీసుకీ ఇవ్వండి, 1913కి ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. పనులు మొదలయ్యాక కాంట్రాక్టరు చూస్తుండగా ఒకసారి మీ ఆవిణ్ణి ఆ గేటులోంచి నడిపించండి, ఆవిడకి ఇష్టమైతేనే సుమా.

ప్రశ్న: వయసు 58. నేనే పేషెంటుని. పెరంబూర్‌లో మా వీధి పార్కులో నడుస్తుంటే తాగి ఉన్నాననుకుంటున్నారు. ఒకాయన పిల్లల్ని పక్కకి లాక్కున్నాడు. నవ్వి చెబుదామంటే మొహంలో నవ్వు రాదు, మాట కూడా ముద్దగా వస్తుంది. వెళ్లడం మానేశాను.
— పేరు వద్దు

జవాబు: అన్నయ్యా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొహం కండరాలు బిగుసుకుపోవడం, మాట ముద్దవడం ఈ జబ్బులో భాగం. అది ఎదుటివాళ్లకి తెలియదు. మీరు లోపల నవ్వుతున్నారని వాళ్లకి ఎవరో చెప్పాలి.

చొక్కా జేబులో పట్టే అట్టముక్క ఒకటి చేయించుకోండి. ఒకవైపు తమిళం, ఒకవైపు ఇంగ్లీషు, పెద్ద అక్షరాలు: "నాకు పార్కిన్సన్స్ ఉంది. నడక, మాట నెమ్మదిస్తాయి. ఒక్క నిమిషం ఆగండి, లాగవద్దు." కింద ఇంట్లోవాళ్ల ఫోను నంబరు. మాట రానప్పుడు తీసి చూపించండి. ప్రభుత్వం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డుకి కూడా దరఖాస్తు పెట్టుకోండి, వైకల్యం నలభై శాతం, ఆపైన ఉంటే చాలా రాయితీలు వస్తాయి.

రేపు వెళ్లేటప్పుడు ఒక్కరే వెళ్లకండి. పార్కు వాచ్‌మన్‌కీ, గేటు బయట టీ అమ్మే ఆయనకీ ఆ అట్టముక్క ముందుగా చూపించండి. రోజూ ఆ గేటులోంచి వెళ్లేవాళ్లందరూ వాళ్లకి తెలుసు. మీ గురించి అడిగినవాళ్లకి వాళ్లే చెబుతారు. రెండు వారాలు వెళ్లి, ఎలా ఉందో నాకు మళ్లీ రాయండి. చేతిరాత చిన్నదైపోయిందని చివర్లో క్షమాపణ అడిగారు. అక్కర్లేదు, ప్రతి అక్షరం చదివాను.